అనకాపల్లి నుంచి డల్లాస్‌కు దగ్గరి దారి

పిల్లల్ని చూడడానికి మొదటిసారి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామందికి విమానంలో సినిమాల కన్నా ముందు సీటు వెనక తెర మీద కనబడే పటమే మంచి కాలక్షేపం. దుబాయ్‌లో డల్లాస్ విమానం ఎక్కిన అనకాపల్లి దంపతులకు ఆ పటం చూస్తుంటే ఒక అనుమానం వస్తుంది. అమెరికా పడమర కదా! విమానం మాత్రం ఉత్తరానికి పోతోంది. ఇరాన్ దాటి, రష్యా మీదుగా ఇంకా పైకెక్కి, ఐస్‌లాండ్‌కు అటు పక్కనుంచి గ్రీన్‌లాండ్ మంచు మీదికి వచ్చి, అప్పుడు వంపు తిరిగి కిందికి దిగుతోంది. గాలుల్ని బట్టి, దేశాల తగాదాల్ని బట్టి దారి రోజుకు కొంత మారినా ఆ వంపు మాత్రం పోదు. తిన్నగా పోకుండా ఎందుకీ చుట్టుతిరుగుడు?

అది చుట్టుతిరుగుడు కాదు, అదే దగ్గరి దారి. అసలు అనకాపల్లి నుంచే నేరుగా డల్లాస్‌కు ఎగిరే వీలుంటే దారి ఇంకా విచిత్రంగా ఉంటుంది. అది ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది.

83, 97 కలిస్తే 180

అనకాపల్లి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 180. భూమి చుట్టూ 360 డిగ్రీలు కాబట్టి ఈ రెండు చోట్లూ సరిగ్గా అరచుట్టు ఎడంలో ఉన్నాయి. ఒకే వృత్తానికి ఇటు సగం మీద మనం, అటు సగం మీద వాళ్లు. ఆ వృత్తం ధ్రువాల గుండా పోతుంది. అందుకే ఇక్కణ్నుంచి అక్కడికి అతి దగ్గరి దారి పడమర కాదు, వాయవ్యమూ కాదు, నిక్కచ్చిగా ఉత్తరం. ధ్రువం చేరేదాకా ఉత్తరానికి పోతాం. ధ్రువం దాటాక విమానం ముక్కు కాస్త కూడా తిప్పకుండానే దక్షిణానికి పోతుంటాం.

తెలుగు ఊళ్లన్నిటికీ ఇది కుదరదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు గీత గీస్తే అది ధ్రువానికి సుమారు 500 కి.మీ. పక్కనుంచి పోతుంది. అనకాపల్లి గీత మాత్రం కొద్ది కిలోమీటర్ల తేడాతో ధ్రువాన్ని తాకినంత పని చేస్తుంది.

దూరం లెక్క కూడా పిల్లలు చేయగలిగినదే. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ నడిస్తే సుమారు 111 కి.మీ. అనకాపల్లి అక్షాంశం 17.7 డిగ్రీలు, ధ్రువం 90. మధ్యలో 72.3 డిగ్రీలు, అంటే సుమారు 8,040 కి.మీ. అటువైపు డల్లాస్ 32.9 డిగ్రీల మీద ఉంది. ధ్రువం నుంచి అక్కడికి 57.1 డిగ్రీలు, సుమారు 6,360 కి.మీ. మొత్తం 14,400 కి.మీ.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చింది కాశీ. అనకాపల్లి నుంచి తిన్నగా ఉత్తరానికి సుమారు 850 కి.మీ. పోతే వచ్చేది వారణాసే. దాని రేఖాంశం కూడా దాదాపు 83 డిగ్రీలు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని అనుకున్న రోజులు మనవి. 1830 మేలో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. మన ఊహా విమానం గంట తిరక్కుండానే కాశీని దాటేస్తుంది. ఆపైన నేపాల్ కొండలు, టిబెట్ పీఠభూమి, తక్లమకాన్ ఎడారి. తర్వాత సైబీరియాలోని పెద్ద నగరం నోవోసిబిర్స్క్, అదీ 83 డిగ్రీల దగ్గరే. యెనిసీ నది సముద్రంలో కలిసే చోటు దాటాక ఇక మంచు సముద్రమే. ధ్రువం అవతల కెనడా దీవులు, విన్నిపెగ్ నగరం, కాన్సాస్‌లోని విచిటా, చివరికి డల్లాస్. ఈ ఊళ్లన్నీ ఒకే గీత మీద ఉన్నాయంటే గ్లోబు చూస్తేగాని నమ్మబుద్ధి కాదు.

గోడ పటం ఏం దాస్తుంది?

మనకు నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం బళ్లో చూసిన గోడ పటం. బత్తాయి తొక్క ఒలిచి బల్ల మీద పరిచి అదమండి. చిరిగిపోకుండా చదునుగా పరుచుకోదు. భూమి ఉపరితలమూ అంతే. పటం గీసేవాళ్లు చింపడానికి ఇష్టపడక సాగదీస్తారు. 1569లో మెర్కేటర్ అనే పటాల రూపకర్త గీసిన పద్ధతిలో భూమధ్యరేఖ దగ్గర సాగుడు ఉండదు, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. ఇక ధ్రువం ఆ పటంలోకే రాదు, ఎంత పెద్ద కాగితం తీసుకున్నా పట్టదు. మన దారిలో అతి ముఖ్యమైన చోటే పటంలో లేకపోతే దారి ఎలా తెలుస్తుంది?

ఆ పటం మీద అనకాపల్లికీ డల్లాస్‌కీ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా సముద్రం, అరేబియా ఎడారి, సహారా, అట్లాంటిక్‌ల మీదుగా పోతుంది. చూడ్డానికి ఎంతో తిన్నగా ఉంటుంది. కానీ ఆ గీత వెంట నిజంగా ఎగిరితే సుమారు 18,100 కి.మీ. అవుతుంది. ధ్రువం దారి కన్నా 3,700 కి.మీ. ఎక్కువ. విమానం ఇంకో నాలుగు గంటలు ఎగరాలి.

ఇప్పుడు ఒలవని బత్తాయి తీసుకోండి. రెండు గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం తనంతట తానే జరిగి, అతి పొట్టి దారి ఎక్కడుందో అక్కడ ఆగుతుంది. సూదులు పండుకు రెండు ఎదురు పక్కల, నడుముకు కాస్త పైన ఉంటే దారం నడుము చుట్టూ పోదు, తొడిమ వైపుకి జారుతుంది. విమాన మార్గాల వెనక ఉన్న రేఖాగణితం ఇంతే.

> అనకాపల్లి – డల్లాస్: మూడు దారులు, మూడు దూరాలు
> ధ్రువం మీదుగా నేరుగా: సుమారు 14,400 కి.మీ.
> విశాఖ, హైదరాబాద్, దుబాయ్ మీదుగా: సుమారు 16,000 కి.మీ. (విశాఖ–హైదరాబాద్ 510, హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డల్లాస్ 12,940)
> గోడ పటం మీద స్కేలు గీత వెంట: సుమారు 18,100 కి.మీ.

మరి ఆ దారిన ఎవరూ ఎందుకు పోరు?

అనకాపల్లిలో విమానాశ్రయం లేదు. నౌకాదళం ఆధీనంలోని విశాఖ విమానాశ్రయం పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో తలపెట్టిన విమానాశ్రయానికి 3,800 మీటర్ల రన్‌వే. పెద్ద విమానాలకు ఆ పొడవు సరిపోతుంది. రన్‌వే కన్నా పెద్ద అడ్డంకులు దారిలో ఉన్నాయి.

మొదటిది టిబెట్. విమానం ఎత్తున ఎగురుతున్నప్పుడు లోపలి గాలి పీడనం పడిపోతే ప్రయాణికులకు ఆక్సిజన్ ముసుగులు జారతాయి. వాటిలో ప్రాణవాయువు సాధారణంగా పది, పదిహేను నిమిషాలకే సరిపోతుంది. ఈలోగా పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరాడే 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. అక్కడ దిగడానికి కిందికి చోటే లేదు. అందుకే హిమాలయాల మీదుగా, టిబెట్ నడిమధ్య నుంచి పోయే దారులు చాలా తక్కువ.

రెండోది ధ్రువం. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే రెండోదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. దారి పొడవునా ఆ నియమం పాటించాలి. ధ్రువం చుట్టుపక్కల అలాంటి విమానాశ్రయాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చలి ఇంకో సమస్య. ఎక్కువ దేశాల్లో వాడే విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయట గాలి అంతకన్నా చల్లగా ఉండే రోజులు అక్కడ చాలా ఉంటాయి. ట్యాంకులో ఇంధనం ఎంత చల్లబడిందో పైలట్లు చూసుకుంటూ, అవసరమైతే కిందికి దిగి కాస్త వెచ్చటి గాలిలో ఎగురుతారు. దిక్సూచి అక్కడ పనికిరాదు. భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే సమాచార ఉపగ్రహాలు ధ్రువం దగ్గర దిగంతం కిందికి పోతాయి, వాటితో మాట కలవదు.

ఇవన్నీ దాటగలిగినవే. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, మరో ఇద్దరు మహిళా పైలట్లు ధ్రువ ప్రాంతం మీదుగా నడిపి 17 గంటల్లో బెంగళూరులో దించారు. ఆ వారంలోనే, జనవరి 15న, హైదరాబాద్ నుంచి షికాగోకు తొలి నేరు విమానం ఎగిరింది. 13,300 కి.మీ. దూరం. తెలుగు నేల నుంచి అమెరికాకు మధ్యలో ఆగకుండా వెళ్లిన మొదటి సర్వీసు అదే. కొంతకాలానికి అది ఆగిపోయింది.

మూడో అడ్డంకి మనుషులు పెట్టినది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సైబీరియా ఆకాశం విదేశీ విమానాలకు దాదాపు మూసే ఉండేది. రష్యా మీదుగా ధ్రువ మార్గాలు 2001లోగాని లాంఛనంగా తెరుచుకోలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా అమెరికా, ఐరోపా సంస్థలకు ఆకాశం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని అమెరికా విమానాలు ఐరోపాలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. భూగోళం మీద అతి పొట్టి దారి ఎప్పుడూ ఒకటే. అది ఎవరికి తెరిచి ఉంటుందన్నది మాత్రం ఏటేటా మారుతోంది.

దూరం ఎక్కువ, సమయం తక్కువ

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమరగా అట్లాంటిక్ మీదుగా కాకుండా తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి 13,900 కి.మీ., కొత్త దారి 15,300. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. అయినా విమానం సుమారు 14 గంటల 30 నిమిషాల్లో చేరింది. పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి. దూరం పెరిగితే సమయం ఎలా తగ్గింది?

గాలి వల్ల. విమానం వేగం అంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. గంటకు 900 కి.మీ. పోయే విమానం గంటకు 100 కి.మీ. వేగంతో అదే దిక్కుకు కదిలే గాలిలో ఉంటే నేల మీది లెక్కన 1,000 కి.మీ. పోతుంది. ఎదురుగాలి అయితే 800. ఈ లాభనష్టాలు రానూపోనూ ప్రయాణంలో చెల్లుకు చెల్లవుతాయనుకుంటాం, కావు. 9,000 కి.మీ. దూరం ఎదురుగాలిలో పోవడానికి 11 గంటల 15 నిమిషాలు, వెనకగాలిలో తిరిగి రావడానికి 9 గంటలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. గాలే లేకపోతే సరిగ్గా 20. ఎదురుగాలిలో ఉండే సమయమే ఎక్కువ కనుక నష్టమే పైచేయి.

విమానాలు ఎగిరే 10, 12 కి.మీ. ఎత్తులో భూమి చుట్టూ పడమర నుంచి తూర్పుకు గాలి ఏరుల్లా పారుతుంటుంది. వీటినే జెట్ స్ట్రీములంటారు. వెడల్పు కొన్ని వందల కిలోమీటర్లు, మందం కొద్ది కిలోమీటర్లు. చలికాలంలో వేగం గంటకు 200, ఒక్కోసారి 300 కి.మీ. దాటుతుంది. జపాన్ శాస్త్రవేత్త ఊయిషి 1920లలో గాలిబుడగలు ఎగరేసి వీటిని కనిపెట్టి, ప్రపంచమంతా చదవాలని ఎస్పరాంటో భాషలో ప్రకటించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1944లో జపాన్ మీద బాంబులు వేయబోయిన అమెరికా వైమానికులు ఆ గాలికి ఎదురెళ్లి తెల్లబోయారు.

అవి పుట్టే తీరు చూద్దాం. ఉష్ణమండలంలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కనుక పైదాకా లేస్తుంది. ధ్రువాల దగ్గర చల్లబడి కుంచించుకుని కిందికి అణిగి ఉంటుంది. 10 కి.మీ. ఎత్తున చూస్తే మనవైపు ఇంకా చాలా గాలి పైన మిగిలి ఉంటుంది, ధ్రువం వైపు తక్కువ ఉంటుంది. ఈ ఒత్తిడి తేడా వల్ల గాలి మనవైపు నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఇంతలో భూభ్రమణం కలగజేసుకుంటుంది. అనకాపల్లి దగ్గర నేల గంటకు సుమారు 1,590 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతోంది. కాశీ దగ్గర 1,510 మాత్రమే, ఎందుకంటే పైకి పోయేకొద్దీ భూమి చుట్టు చిన్నదవుతుంది. ఇక్కడి గాలి ఉత్తరానికి పోయినా తన తూర్పు వేగాన్ని వదులుకోదు. కాశీ చేరేసరికే అక్కడి నేల కన్నా గంటకు 80 కి.మీ.కు పైగా ముందుంటుంది. ఉత్తరానికి బయలుదేరిన గాలి తూర్పుకు పరుగెత్తడం వెనక కథ ఇదే. చలికాలంలో వేడి చలి తేడా పెరుగుతుంది కాబట్టి పరుగూ పెరుగుతుంది.

మన నెత్తిన ఉన్న ఆకాశంలో ఇంకో వింత ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, రుతుపవనాల కాలంలో, టిబెట్ పీఠభూమి ఎండకు వేడెక్కడంతో ఉత్తరమే వెచ్చనవుతుంది. అప్పుడు దక్షిణ భారతం మీద, 14 నుంచి 16 కి.మీ. ఎత్తున, గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. ఈ తూర్పు జెట్‌ను 1950లలో వివరించి ప్రపంచానికి చెప్పినవాడు తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

దుబాయ్ నుంచి డల్లాస్ పోయేటప్పుడు 16 గంటలు పట్టే ప్రయాణం తిరుగుదారిలో పద్నాలుగున్నర దగ్గరికి తగ్గడానికి కారణం ముందు చెప్పిన పడమటి జెట్ గాలులే. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ తుఫాను గాలి తోడై ఒక ప్రయాణికుల విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల లెక్కన గంటకు 1,300 కి.మీ. దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని మించినట్టు కాదు, ఎందుకంటే గాలే దాన్ని మోసుకుపోయింది.

> భూమి తిరుగుతోంది కదా, పైన ఆగితే చాలదా?
> హెలికాప్టర్ అనకాపల్లి మీద గాలిలో 12 గంటలు నిలబడితే కిందికి డల్లాస్ రావాలి కదా, అని బళ్లో పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది. నేల మీద ఉన్నప్పుడే హెలికాప్టర్‌కు గంటకు 1,590 కి.మీ. తూర్పు వేగం ఉంది. పైకి లేచినంత మాత్రాన అది పోదు. 12 గంటల తర్వాత దిగినా అది దిగేది అనకాపల్లిలోనే.

గడియారం లెక్క వేరు

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ రేఖ తుని పరిసరాల మీదుగా, అనకాపల్లికి పడమరన 50 కి.మీ. దూరంలో పోతుంది. కాబట్టి ఇక్కడ గడియారంలో పన్నెండంటే సూర్యుడి లెక్కలోనూ దాదాపు పన్నెండే. మనకు పట్టపగలు, డల్లాస్‌లో నడిరేయి. గడియారాల తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు గనక పదిన్నర.

టికెట్ మీద ఉండే వేళలు ఏ ఊరివి ఆ ఊరివే, వాటిని కూడి తీసివేస్తే ప్రయాణ కాలం రాదు. చలికాలంలో దుబాయ్‌లో తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరి 16 గంటలు ఎగిరితే డల్లాస్‌లో అదే రోజు ఉదయం 9 అవుతుంది. ఆరు గంటల్లో చేరామనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక తేదీ మాయమవుతుంది. పైన చెప్పిన బెంగళూరు విమానం ఎగిరింది 17 గంటలే అయినా 9వ తేదీ రాత్రి లేచి 11వ తేదీ తెల్లవారకముందే దిగింది.

ఇంధనాన్ని మోయడానికీ ఇంధనమే

దుబాయ్‌లో ఆగడం వల్ల 1,600 కి.మీ. ఎక్కువ పోతున్నాం కదా, మరి నేరు విమానం చవక కావాలి. ప్రతిసారీ అలా కాదు. బోయింగ్ 787-9 నిండుగా బయలుదేరితే 254 టన్నులు, అందులో వంద టన్నుల దాకా ఇంధనమే ఉండొచ్చు. పదహారో గంటలో కాల్చబోయే ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోయాలి, ఆ మోతకూ ఇంధనం కాలుతుంది. మధ్యలో ఆగి నింపుకుంటే ఆ బరువు తప్పుతుంది. పైగా దుబాయ్, దోహాలలో పది ఊళ్ల ప్రయాణికులు ఒకే విమానంలో కలుస్తారు. అనకాపల్లి, విశాఖల నుంచి డల్లాస్‌కు రోజూ ఒక విమానం నిండదు. నేరు విమానం రావాలంటే యంత్రం సత్తా ఒక్కటే చాలదు, సీట్లు నిండే జనం కావాలి, రష్యా మీద ఆకాశం తెరిచి ఉండాలి.

టికెట్ కొనేవాళ్లు దూరం అడగవద్దు, మొత్తం గంటలు అడగండి. చలికాలంలో పడమరకు పోయే ప్రయాణమైతే ఎదురుగాలి ఆలస్యాన్ని కలుపుకుని, విమానం మారే చోట రెండు గంటలకు తక్కువ కాకుండా వ్యవధి చూసుకోండి. ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రపంచ పటం వేలాడే ప్రతి తరగతిలో బల్ల మీద ఒక గ్లోబు, దాని పక్కన మూరెడు దారం కూడా ఉంచండి.